మైకు లేని రాత్రి: చిక్ వెబ్ డ్రమ్ములు

1938 జనవరి 16. న్యూయార్క్ నగరంలో ఆ ఒక్క రాత్రే రెండు పెద్ద జాజ్ కచేరీలు జరిగాయి. ఒకటి కార్నెగీ హాల్లో. శాస్త్రీయ సంగీతానికి పేరుపడ్డ ఆ హాల్లో బెన్నీ గుడ్‌మన్ బృందం వాయించింది. రెండోది నల్లవాళ్లు ఉండే హార్లెమ్ పేటలో, సవాయ్ బాల్‌రూమ్ అనే నాట్యశాలలో. అక్కడ చిక్ వెబ్ బృందానికీ కౌంట్ బేసీ బృందానికీ పోటీ.

కార్నెగీ కచేరీని రికార్డు చేశారు. 1950లో అది ప్లేట్లుగా వచ్చి విపరీతంగా అమ్ముడైంది. ఈ రోజుకీ ఫోన్లో వినొచ్చు. సవాయ్ పోటీ మాత్రం విన్నవాళ్ల చెవుల్లోనే ఉండిపోయింది. ఇంకో సంగతి. ఆ రాత్రి గుడ్‌మన్ మొదట వాయించిన పాట 'డోంట్ బీ దట్ వే'. దాన్ని కట్టిన ఎడ్గర్ సాంప్సన్ చిక్ వెబ్ బృందంలోని వాద్యకారుడే. వెబ్ దాన్ని 1934లోనే రికార్డు చేశాడు కూడా. 'స్టాంపిన్ ఎట్ ద సవాయ్' సంగతీ అంతే. రెండు పాటలూ లోకానికి గుడ్‌మన్ పాటలుగానే తెలుసు. గుడ్‌మన్ తెల్లవాడు, ఆయనకు దొరికిన రేడియో, హాళ్లు, పత్రికలు వేరు.

అందుకే ఈసారి మన గోడమీద చిక్ వెబ్ గురించి రాద్దామనిపించింది.

అసలు పేరు విలియం హెన్రీ వెబ్. ఊరు బాల్టిమోర్. చిన్నతనంలోనే వెన్నెముకకు క్షయ సోకింది. వీపు వంగిపోయింది, ఎత్తు నాలుగడుగుల పైచిలుకు దగ్గరే ఆగిపోయింది. బిగుసుకుపోయే కీళ్లకు డ్రమ్ములు వాయించడం మంచిదని డాక్టరు చెప్పాడంటారు. పేపర్లు అమ్మి డబ్బు కూడబెట్టి డ్రమ్ముల సెట్టు కొనుక్కున్నాడట. 1920ల మధ్యలో న్యూయార్క్ చేరి సొంత బృందం కట్టాడు. స్వరలిపి చదవడం రాదు. బృందం కొత్త పాట సాధన చేస్తుంటే పక్కన నిలబడి విని మొత్తం కంఠస్థం చేసేసేవాడు. ఏ బాకా ఎక్కడ లేస్తుందో, ఎక్కడ ఆగుతుందో అన్నీ ఆయన తలలోనే ఉండేవి. మన మృదంగ విద్వాంసులకు కీర్తన సాహిత్యం నోటికి వచ్చి ఉంటుంది చూడండి, ఆ పద్ధతి. పాట తెలిసినవాడు వేసే దెబ్బ వేరు, తాళం మాత్రమే తెలిసినవాడు వేసే దెబ్బ వేరు.

సవాయ్ గురించి నాలుగు మాటలు చెప్పకపోతే ఈ డ్రమ్ములు అర్థం కావు. 1926లో తెరిచారు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి నాట్యం చేయగలిగిన అరుదైన చోటు అది. లోపల రెండు వేదికలు. ఒక బృందం ఆపగానే రెండోది అందుకుంటుంది, కాబట్టి సంగీతం ఆగదు. పోటీలకూ అదే అనుకూలం. అక్కడ జనం కూర్చుని తలలూపేవాళ్లు కాదు, లిండీ హాప్ ఆడేవాళ్లు. డ్రమ్మరు లయ జారితే వందల జతల కాళ్లు వెంటనే చెప్పేస్తాయి. స్వింగ్ అంటేనే ఆ నడక. నాలుగు దెబ్బల తాళం, కానీ గడియారంలా టిక్కుటిక్కుమనదు. ప్రతి దెబ్బా మనల్ని కాస్త ముందుకు తోస్తున్నట్టు ఉంటుంది. కాలితో పెద్ద డ్రమ్ము, ఇంకో కాలితో రెండు తాళపు చిప్పలు, చేతులతో మిగిలినవి. వెబ్ ఇవన్నీ ఎత్తయిన పీఠం మీద కూర్చుని వాయించేవాడు.

1937 మే 11న అదే హాల్లో గుడ్‌మన్ బృందంతో పోటీ పడ్డాడు. వేలమంది లోపల, లోపలికి చోటు దొరకనివాళ్లు వేలమంది బయట. గుడ్‌మన్ డ్రమ్మరు జీన్ క్రూపా అప్పటికే పెద్ద పేరున్నవాడు. ఆ రాత్రి గెలుపు వెబ్‌దేనని జనమూ అన్నారు, క్రూపా కూడా దాచకుండా ఒప్పుకున్నాడు. నాకు ఇది బాగా నచ్చింది. ఓడినవాడి మాటే ఇక్కడ సాక్ష్యం, ఎందుకంటే ఆ రాత్రికీ రికార్డు లేదు.

మరి స్టూడియోలో తీసిన ప్లేట్లు ఉన్నాయి కదా అంటారా? ఉన్నాయి. అప్పటి పది అంగుళాల ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలే. మన హరికథలూ కచేరీలూ కూడా ఆ మూడు నిమిషాల్లోకి కుదించుకుని ఎక్కినవే. తని ఆవర్తనానికి అందులో చోటెక్కడిది? పైగా పెద్ద డ్రమ్ము గట్టిగా మోగితే రికార్డు చెడిపోతుందని డ్రమ్మర్లను తగ్గించి వాయించమనేవారు. కాబట్టి సవాయ్ గోడలు విన్న వెబ్‌లో కొంత భాగమే మనకు దక్కింది.

ఆ కొంతైనా వినాలంటే మూడు రికార్డులు చెబుతాను. 'క్లాప్ హ్యాండ్స్, హియర్ కమ్స్ చార్లీ', 'హార్లెమ్ కాంగో' 1937వి. 'లైజా' 1938ది. దయచేసి ఫోన్ స్పీకర్లో వినకండి, ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. నేను మొదటిసారి స్పీకర్లో విని, ఇందులో ఏముంది అనుకున్నాను! ముందు బాకాలను వదిలేసి కింద నడిచే డ్రమ్ము ఒక్కటే పట్టుకోండి. 'లైజా'లో బృందం ఆగిన ప్రతి సందులో వెబ్ ఏం నింపుతున్నాడో వినండి. సందు ఎంత చిన్నదైనా, బృందం మళ్లీ ఎత్తుకునే చోటికి సరిగ్గా చేరుస్తాడు. చూపించుకోవడానికి వాయించినట్టు ఒక్క చోటా అనిపించదు.

ఇక ఆయన పేరు తెలియనివాళ్లకు కూడా తెలిసిన పేరు ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్. 1934 నవంబరులో అపోలో థియేటర్ పోటీలో గెలిచేనాటికి ఆ అమ్మాయికి 17 ఏళ్లు. తల్లి లేదు, ఉండడానికి సరైన ఇల్లు లేదు. బట్టలూ వాలకమూ చూసి వెబ్ మొదట వద్దన్నాడు. చివరికి పాడించి చూసి 1935లో బృందంలో పెట్టుకున్నాడు. 1938 మేలో వాళ్లు ఒక పిల్లల పాటను జాజ్‌గా మార్చి 'ఎ టిస్కెట్, ఎ టాస్కెట్' రికార్డు చేశారు. బృందం మొత్తంలో అంత పేరు తెచ్చిన ప్లేటు ఇంకోటి లేదు. అందులో డ్రమ్ములు వెనకే ఉంటాయి, ఉండాలి కూడా. 'లైజా' కూడా అదే నెలలో తీసినదే. రెండూ వరసగా వినండి. ఒకదాంట్లో ఆయన అమ్మాయి గొంతుకు దారి వదులుతాడు, రెండోదాంట్లో దారంతా తనే.

ఏడాది తర్వాత, 1939 జూన్ 16న, బాల్టిమోర్ ఆసుపత్రిలో ఆపరేషన్ తర్వాత వెబ్ పోయాడు. బృందాన్ని మూసేయలేదు. ఎల్లా పేరు పెట్టి, 22 ఏళ్ల ఆ అమ్మాయినే ముందు నిలబెట్టారు. అంతమంది మగ వాద్యకారుల బృందం 1942 దాకా ఆమె పేరుతోనే నడిచింది.