గుండెకు స్టెంటు, సముద్రములో డైవింగు

ప్రశ్న: రైల్వే ఉద్యోగిని, వయస్సు 52. నిరుడు స్టెంటు వేసినారు. ఋషికొండలో స్కూబా డైవింగు చేయవచ్చునా?
– ఒక పాఠకుడు, పూరీ గేట్, ఖరగ్‌పూర్

జవాబు: అయ్యా, నొప్పి లేనంతమాత్రాన దిగరాదు. నీట మునిగినంతనే కాలుసేతుల రక్తము ఛాతీవైపు నెట్టబడి హృదయమునకు భారము పెరుగును. 10 మీటర్ల లోతున పీడనము ఒడ్డుకంటె రెట్టింపగును. చలియు, ఎదురీతయు తోడైనచో మెట్లెక్కునప్పుడు తెలియని లోపము అచ్చట బయటపడును, ఆయాసము తీర్చుకొన అచ్చట అరుగు లేదు. మీ రైల్వే వైద్యుని ద్వారా హృద్రోగనిపుణుని చూచి, ట్రెడ్‌మిల్ పరీక్ష నిర్దోషముగా ముగిసి, ఆయన లిఖితానుమతి నిచ్చిన పిదపనే దిగుడు. రక్తము పలుచబరచు మాత్రలను మీయంతట మానకుడు. డైవింగువారి పత్రములో స్టెంటు సంగతి దాచకుడు. నీటిలో ఆయాసము, దగ్గు, ఛాతీబిగువు తోచిన శిక్షకునికి సైగచేసి నెమ్మదిగా పైకి వచ్చి, తగ్గినను తడయక ఆసుపత్రికి పొండు.