విశాఖ నుండి రేణిగుంటకు ఆకాశంలో ఎంత దూరం?

రేణిగుంటలో దిగే విమానాన్ని చూసి "అది ఎంత దూరం నుండి వస్తాది? ఎంతసేపట్లో వస్తాది?" అని చిన్న తరగతుల తమ్ముళ్ళు అడుగుతుంటారు. పదో తరగతి లెక్కలతోనే దీనికి జవాబు తెలుసుకోవచ్చు. ఎలాగో వ్రాస్తున్నాను, నోటుబుక్కు తీసుకోండి.

2023 జనవరిలో విశాఖపట్నం నుండి ఒక గుండెను విమానంలో రేణిగుంటకు తెచ్చి, తిరుపతిలోని శ్రీ పద్మావతి హృదయాలయంలో ఒక అబ్బాయికి అమర్చినారు. మన లెక్కకు ఆ దారినే తీసుకుందాం.

దూరం: రేణిగుంట విమానాశ్రయం 13 డిగ్రీల 38 నిమిషాల ఉత్తర అక్షాంశం, 79 డిగ్రీల 33 నిమిషాల తూర్పు రేఖాంశం మీద ఉంది. విశాఖ విమానాశ్రయం 17 డిగ్రీల 43 నిమిషాలు, 83 డిగ్రీల 13 నిమిషాల మీద ఉంది. 60 నిమిషాలు ఒక డిగ్రీ కదా.

అక్షాంశాల తేడా 4.08 డిగ్రీలు. ఒక డిగ్రీకి 111 కి.మీ. చొప్పున 453 కి.మీ.

రేఖాంశాల తేడా 3.67 డిగ్రీలు. ధ్రువాల వైపు పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి. అందుకే మన ప్రాంతంలో డిగ్రీకి 107 కి.మీ. మాత్రమే వేసుకోవాలి. అది 393 కి.మీ.

ఇవి లంబకోణ త్రిభుజానికి రెండు భుజాలు. విమానం పోయేది కర్ణం మీద. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం కర్ణం దాదాపు 600 కి.మీ. రోడ్డు మీదైతే సుమారు 750 కి.మీ. అవుతుంది.

కాలం: గంటకు 800 కి.మీ. పోయే జెట్ విమానానికి 45 నిమిషాలు. గంటకు 500 కి.మీ. పోయే రెక్కపంకాల విమానానికి 1 గంట 12 నిమిషాలు. పైకి లేవడానికి, దిగడానికి ఇంకో 20, 30 నిమిషాలు కలపాలి. రైలుకైతే ఒక రాత్రంతా పడుతుంది.

ఒకరి శరీరం నుండి తీసిన గుండెను చల్లగా ఉంచి, సుమారు 4 గంటల లోపల ఇంకొకరికి అమర్చాల. రైలును నమ్ముకుంటే గుండె పనికిరాదు. విమానం దిగినాక కూడా తిరుపతికి 15 కి.మీ. దాకా రోడ్డు ఉంది. అందుకే పోలీసులు బండ్లన్నీ ఆపి అంబులెన్సుకు దారి ఇస్తారు. రెండు విమానాశ్రయాల నడుమ దూరం ఒక్కటే లెక్క కాదు, రెండు కొసలూ కలపాల.

మా తండా నుండి తారు రోడ్డు 3 కి.మీ. జబ్బు మనిషిని మంచం మీద మోసుకొని రావడానికి ముప్పావు గంట పడుతుంది. అంతసేపట్లో జెట్ విమానం 600 కి.మీ. దాటుతుంది. కాబట్టి మనకు ముందు కావలసింది ఆ 3 కి.మీ. రోడ్డు.

మీకు లెక్క: శంషాబాద్ విమానాశ్రయం 17 డిగ్రీల 14 నిమిషాలు, 78 డిగ్రీల 26 నిమిషాల మీద ఉంది. రేణిగుంట నుండి అక్కడికి ఎంత దూరం? చేసి చూపండి. సరైన జవాబు వచ్చే సంచికలో వ్రాస్తాను.