ఇంజన్ ఆయిల్లో నీళ్ళు : ఎక్కడివి?

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానను మా మన్సూరాబాద్ వైపు వాళ్ళెవరూ అంత తొందరగా మరిచిపోరు. సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల్లో వీధులు కాలవలైనాయి, పడవల్లో మనుషుల్ని దాటించారు. నీళ్ళు తీశాక ఎదురింటాయన ఊరుకోలేక, "అవుతుందేమో చూద్దాం" అంటూ కారు తాళం తిప్పారు. లోపల ఠక్కుమని ఒక్క చప్పుడు. కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. గాలిని అణచడానికి కట్టిన సిలిండరులోకి నీరు చేరితే పిస్టను దాన్ని అణచలేదు. ఎక్కడో ఒకచోట ఇనుమే లొంగాలి. ఆటోనగర్ నుంచి వచ్చిన మేస్త్రీ డిప్‌స్టిక్ లాగి చూపించాడు. దానికి అంటుకున్నది నూనె కాదు, చిక్కటి పాల టీ. "సెల్ఫ్ కొట్టకపోతే బతికేది సార్. ముందుగాల ఆయిల్ చూడాలె" అన్నాడు.

ఆ మాట కొన్నాళ్ళకు నాకే అక్కరకు వచ్చింది. కాకినాడ నుంచి వచ్చి మన కాలేజీలో చదువుకున్న కుర్రవాడొకడు ఫోను చేశాడు. వాళ్ళ నాన్నగారికి చేపలబోటు ఉంది. "మాస్టారూ, మా బోటు ఆయిలు మజ్జిగైపోయిందండి. రెండుసార్లు మార్చారండి. పది గంటలు తిప్పితే మళ్ళీ మజ్జిగేనండి. గాస్కెట్టే అంటున్నారండి, హెడ్డు విప్పాలంటున్నారండి." మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, యాంత్రిక పడవలకు వేట నిషేధం. అది ముగియడానికి వారం రోజులే ఉంది. రెండు నెలలు ఒడ్డున కూర్చున్న కుటుంబానికి మొదటి వేట తప్పిపోవడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. నడి సముద్రంలో ఇంజను పట్టేస్తే ఆ నష్టం డబ్బుతో పోయేది కూడా కాదు.

నేను కెమిస్ట్రీ వాణ్ణి, ఇంజన్లు నా విద్య కాదు. కాని ఈ ప్రశ్న సగం ఇంజనుది, సగం ప్రయోగశాలది. అందుకే మన విద్యార్థుల కోసం ఇక్కడ వ్రాస్తున్నాను.

నూనె, నీళ్ళు కలవవని చిన్నప్పుడే నేర్చుకున్నాం. మరి ఇంజన్లో ఎందుకు కలుస్తాయి? ఇంజన్ ఆయిల్లో మసిని, మడ్డిని తేల్చి ఉంచడానికి డిటర్జెంట్లు, డిస్పర్సెంట్లు వేస్తారు. మసిని పట్టుకునే ఆ అణువులే నీటి బొట్టును కూడా చుట్టి పట్టుకుంటాయి. పైన క్రాంకు కవ్వంలా చిలుకుతూనే ఉంటుంది. తయారయ్యేది ఎమల్షన్. దీనికి బేరింగు మీద పొరగా నిలిచే బలం ఉండదు. లోహం లోహాన్ని రాసుకుంటుంది, తుప్పు మొదలవుతుంది. ఉప్పునీరైతే ఇదంతా గంటల లెక్క.

ఇక్కడొక తేడా గమనించాలి. ఆయిల్ పోసే మూత లోపలివైపు మాత్రమే తెల్లటి నురగ పేరుకుని, డిప్‌స్టిక్ మీద నూనె శుభ్రంగా ఉంటే కంగారు పడనక్కరలేదు. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది (సమీకరణం వ్రాసి లెక్క కట్టి చూడండి, ఒప్పుకుంటారు!). అందులో కొంచెం పిస్టను రింగుల సందుల్లోంచి కిందికి జారి, చల్లని మూతకు తగిలి చెమర్చుతుంది. రోజూ రెండు కిలోమీటర్లు తిరిగి ఆపేసే స్కూటర్లకు ఇది మామూలే. ఇంజను బాగా వేడెక్కేలా ఒక గంట నడిపితే ఆవిరై పోతుంది. ఆయిల్ మట్టం పెరిగి, రంగు మాత్రం మారకపోతే అనుమానించాల్సింది నీటిని కాదు, ఇంధనాన్ని. వాసన చూస్తే తెలిసిపోతుంది.

కాకినాడ బోటులో అలా కాదు. మట్టమూ పెరిగింది, డిప్‌స్టిక్కూ తెల్లబడింది. నీరు ఉందా అన్న అనుమానమే లేదు. అనుమానం ఉన్నచోట మేస్త్రీలు చేసే పరీక్ష ఒకటుంది: దాదాపు 150 డిగ్రీల వేడి మీదున్న రేకు మీద ఒక చుక్క నూనె వేస్తారు. నీరుంటే తాలింపు గింజల్లా చిటపటలాడుతుంది. వెయ్యి పాళ్ళలో ఒక పాలు నీరున్నా వినిపిస్తుంది. కళ్ళద్దాలు పెట్టుకుని చెయ్యండి, చిందుతుంది సుమా.

అసలు ప్రశ్న, ఆ నీరు ఎక్కడిది? ఇది తెలియకుండా ఆయిల్ మార్చడం చిల్లు కుండలో నీళ్ళు పోయడమే. కారుకు రేడియేటరు ఉంటుంది. పడవకు సముద్రమే రేడియేటరు. కాని ఉప్పునీటిని తిన్నగా ఇంజన్లోకి పంపితే తినేస్తుంది కనుక, చాలా బోటు ఇంజన్లలో రెండు నీళ్ళు తిరుగుతాయి. ఇంజను లోపల తిరిగేది మంచినీరు లేదా కూలెంటు. బయట నుంచి పంపు లాగే సముద్రపు నీరు హీట్ ఎక్స్చేంజర్ గొట్టాల్లోంచి పారి, ఆ మంచినీటిని చల్లార్చి తిరిగి సముద్రంలో పడుతుంది. హెడ్ గాస్కెట్ పోయినా, లైనరు కింది రబ్బరు రింగులు పోయినా, హెడ్డు పగిలినా ఆయిల్లో చేరేది లోపలి మంచినీరే. సముద్రపు నీరు చేరిందంటే దారి వేరు: ఉప్పునీటితో చల్లబడే ఆయిల్ కూలరు, సముద్రపు పంపు సీలు, లేదా పొగగొట్టం నుంచి వెనక్కి వచ్చిన నీరు. అంటే నీటి రుచి తెలిస్తే చిల్లు ఏ వైపున ఉందో సగం తెలిసినట్టే! (నాలుకతో కాదు బాబూ.)

అందుకని కుర్రవాణ్ణి ఇంజను ఇక తిప్పొద్దన్నాను. రాత్రంతా కదపకుండా ఉంచి, తెల్లారి సంపు కింది డ్రెయిన్ బోల్టు మెల్లగా వదులు చేసి, మొదట వచ్చేదాన్ని సీసాలో పట్టమన్నాను. నీరు బరువు కదా, చిలకబడకుండా మిగిలినది ఏమైనా ఉంటే అడుగునుంచి ముందు అదే వస్తుంది. దానితోపాటు లోపలి కూలింగు ట్యాంకు నీరు ఒక సీసా, కొత్త ఆయిలు ఒక సీసా పంపమన్నాను. మర్నాడు ఉదయం మూడూ ఎల్‌బీ నగర్‌లో బస్సు దిగాయి.

తర్వాత చేసినది మన బీఎస్సీ కుర్రాళ్ళు చేసే ప్రయోగమే. నమూనాను టోలీన్‌తో పలుచన చేసి, వేడి డిస్టిల్డ్ వాటరుతో సెపరేటింగ్ ఫన్నెల్లో కుదిపి, ఉప్పును నీటి పొరలోకి లాగాం. పీహెచ్ సరిచేసి, పొటాషియం క్రోమేటు రెండు చుక్కలు వేసి, సిల్వర్ నైట్రేటుతో టైట్రేషన్. అంటే మోర్ పద్ధతి. క్లోరైడు ఉన్నంతసేపూ తెల్లటి అవక్షేపం, అయిపోగానే ఇటుక ఎరుపు. కొత్త ఆయిల్‌కూ ఇదే చేశాం. దానిలోనే క్లోరైడు ఉందేమో చూడకుండా తీర్పు చెప్పకూడదు కదా.

లీటరు సముద్రపు నీటిలో క్లోరైడు సుమారు 19 గ్రాములు. తాగునీటికి మన ప్రమాణాల్లో కోరదగిన పరిమితి లీటరుకు 250 మిల్లీగ్రాములు. తేడా డెబ్బై రెట్ల పైమాటే! ఇంత తేడా ఉన్నచోట మన బ్యూరెట్టు మూడో దశాంశం దాకా పోనక్కరలేదు. కూలింగు ట్యాంకు నీటికి కొన్ని చుక్కలతోనే ఎరుపు వచ్చింది. కొత్త ఆయిలుకు మొదటి చుక్కతోనే వచ్చింది. డ్రెయిన్ నమూనాకు మాత్రం పోస్తూనే ఉన్నాం, తెల్లగా పెరుగు విరిగినట్టు పడుతూనే ఉంది. పక్కన నిలబడ్డ ఫైనలియర్ అమ్మాయి, "సార్, ఇది సముద్రమే" అంది.

ఒక మాట చెప్పాలి. ఈ పరీక్ష కాకినాడకు పనికొచ్చింది కాని, నాగార్జునసాగర్‌లో కొండకు పోయే లాంచీకి ఇంత సులువుగా పనిచెయ్యదు. అక్కడ బయటి నీరూ కృష్ణే, ట్యాంకులో పోసేదీ కృష్ణే కావచ్చు. మన కొళాయిలో వచ్చేది కూడా ఆ నీరే! అలాంటిచోట కూలెంటులోని గ్లైకాల్ కోసమో, సోడియం, పొటాషియం వంటి దాని మందుల జాడ కోసమో చూడాలి. ట్యాంకులో రంగు కూలెంటు పోసే అలవాటుకు ఇదొక అదనపు లాభం.

ఫోనులో చెప్పాను: "హెడ్డు విప్పకండి. ఆయిల్ కూలరు విప్పించండి." ఇంకో సంగతి అడిగాను, బోటు నడిచేటప్పుడు బయటికి పడే నీటిమీద నూనె జిడ్డు కనిపిస్తోందా అని. "అవునండి, మీకెలా తెలుసండి?" అన్నాడు. ఇంజను తిరుగుతున్నప్పుడు ఆయిలు ఒత్తిడి నీటి ఒత్తిడికంటే చాలా ఎక్కువ. కూలరు గొట్టానికి చిల్లుంటే నూనే నీటిలోకి పోతుంది. ఇంజను ఆపాక ఒత్తిడి పడిపోతుంది, అప్పుడు నీరు నూనెలోకి వస్తుంది. నడిచేటప్పుడు బాగానే ఉండి, తెల్లారి చూస్తే మజ్జిగ కావడంలోని మాయ ఇదే.

కూలరు విప్పి, ఒక కొస బిగించి, రెండో కొస నుంచి గాలి పట్టి, నీళ్ళ తొట్టిలో ముంచారు. సైకిలు ట్యూబు పంక్చరు చూసినట్టే. రెండు గొట్టాల నుంచి బుడగలు. కొత్త కూలరు వేసి, చౌక ఆయిలు పోసి కాసేపు తిప్పి వంచేసి, ఫిల్టరు మార్చి, నూనె తేటగా వచ్చేదాకా మళ్ళీ అలాగే చేశారు. జూన్ 15న కాదు గాని, 17న బోటు వేటకు వెళ్ళింది.

తర్వాత కుర్రవాడు ఒక ఫోటో పంపాడు. కూలరు మూతకు లోపలివైపు బిగించే జింకు కడ్డీ అది. సముద్రపు నీరు రాగి గొట్టాలను తినకుండా, ముందు తనను తినమని ఇచ్చుకునే కడ్డీ. ఎలక్ట్రోకెమిస్ట్రీ క్లాసులో మనం చెప్పుకునే ఆహుతి ఆనోడు అదే. ఫోటోలో బోల్టు తల ఉంది గాని, దానికి కడ్డీ లేదు. "ఎప్పుడు మార్చారో నాన్నకి గుర్తులేదండి" అని కింద వ్రాశాడు.