జ్వరం రాకముందే మొదలుపెట్టాలి

వానలు పడ్డాయంటే హైదరాబాద్‌లో అంబర్‌పేట్ నుంచి ఉప్పల్ దాకా పిల్లల డాక్టర్ల దగ్గర కూర్చోవడానికి చోటు దొరకదు. దగ్గు, విరేచనాలు, టైఫాయిడ్, డెంగీ. ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరికీ ఒకే జ్వరం తగులుతుంది. ఒకడు వారం తిరక్కుండానే గల్లీలో క్రికెట్ ఆడుతుంటాడు. రెండోవాడు పదిహేను రోజులైనా తేరుకోడు. దీనికి కారణాలు చాలానే ఉంటాయి. వాటిలో తల్లిదండ్రుల చేతిలో ఉన్నది ఒకటుంది: జ్వరం రాకముందు నెలల తరబడి ఆ పిల్లవాడి కంచంలో ఏం పడింది అన్నది.

ఒంట్లో వేడి ఒక్క డిగ్రీ సెల్సియస్ పెరిగితే శరీరం ఖర్చుపెట్టే శక్తి పది శాతానికి పైగా పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే ఆకలి చచ్చిపోతుంది. రోగక్రిములతో పోరాడే యాంటీబాడీలు ప్రోటీన్లతో తయారవుతాయి. తిండి నుంచి ప్రోటీన్ రాకపోతే శరీరం తన కండనే కరిగించి వాడుకుంటుంది. విటమిన్ ఎ, జింక్ లాంటివీ తరిగిపోతాయి. అందుకే పిల్లల తిండి నెలనెలా చిట్టీ కట్టడం లాంటిది. కష్టం వచ్చిన రోజున ఎత్తుకోవాలంటే అంతకుముందు కట్టి ఉండాలి.

ఒంట్లో ఆ నిల్వ లేని పిల్లలు జబ్బుతో చిక్కిపోతారు, చిక్కినవాళ్లకు మరో జబ్బు తొందరగా అంటుకుంటుంది. ఐదేళ్లలోపు పిల్లల మరణాల్లో దాదాపు సగం పోషకాహార లోపంతో ముడిపడి ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది.

తిండి ఎంత పని చేయగలదో జార్ఖండ్‌లో జరిగిన ఒక పెద్ద అధ్యయనం చూపించింది. నాలుగు జిల్లాల్లో 2,800 మంది టీబీ రోగుల ఇళ్లను పరిశోధకులు ఎంచుకున్నారు. రోగులందరికీ మందులతో పాటు ఆహారం ఇచ్చారు. సగం ఇళ్లలో మాత్రం రోగితో కలిసి ఉండే కుటుంబ సభ్యులకు కూడా పెద్దవాళ్లయితే ఒక్కొక్కరికి నెలకు ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. 2023లో లాన్సెట్ పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి. అదే గాలి, అదే ఇరుకు గది, పక్కనే దగ్గుతున్న మనిషి. అదనంగా అందింది మామూలు బియ్యం, పప్పు, మాత్రలు.

డబ్బాల మోజు తగ్గించుకోండి

అంబర్‌పేట్, ఉప్పల్ వైపు ఉండేవాళ్లకు ఒక అదృష్టం ఉంది. దేశమంతటికీ తిండి లెక్కలు చెప్పే జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలోనే ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా పుట్టి, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. దాన్ని చాలాకాలం నడిపిన డాక్టర్ సి.గోపాలన్ చెప్పిన మాట ఇప్పటికీ పనికొస్తుంది. మన పేద పిల్లలకు అన్నిటికన్నా ముందు కొరతగా ఉన్నది కడుపునిండా తిండి, ఇంట్లో వండే అన్నం పప్పే సరిపడా పెడితే ప్రోటీన్ కూడా చాలావరకు అందులోనే సమకూరుతుందని ఆయన వాదన.

అందువల్ల ఇమ్యూనిటీ పెంచుతామనే పొడులకూ, ఎత్తు పెంచుతామనే డబ్బాలకూ డబ్బు తగలేయకండి. వాటిలో చాలావాటిలో చక్కెర ఎక్కువ. ఇలాంటి పానీయాలను 'హెల్త్ డ్రింక్' పేరుతో అమ్మొద్దని 2024లో కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ అంగళ్లకు చెప్పింది. ఆ డబ్బుతో గుడ్లు, పల్లీలు, నువ్వులు, ఒక కట్ట తోటకూర వస్తాయి.

మన కంచంలో అన్నం గుట్టగా, కూర అంచున ఉంటుంది. దాన్ని కొంచెం అటు ఇటు చేస్తే చాలు. పెద్దవాళ్లకు రోజుకు 250 గ్రాముల ధాన్యం, 85 గ్రాముల పప్పు, ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 300 మిల్లీలీటర్ల పాలు ఉండాలన్నది తార్నాక శాస్త్రవేత్తల లెక్క. పిల్లలకు కొలత తగ్గుతుంది, పద్ధతి అదే. గంగవాయిలి కూర పప్పు, మునగాకు వేసిన వేపుడు, పల్లీలూ నువ్వులూ దట్టించిన సర్వపిండి, సాయంత్రం ఒక పల్లి పట్టి. ఇవన్నీ మన వంటింట్లో ఉన్నవే. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండండి, ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనానికి గంట ముందూ గంట తర్వాతా పిల్లలకు చాయ్ ఇవ్వకండి, అది ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

మరో జాగ్రత్త. ఉప్పల్, పీర్జాదిగూడ పక్క మూసీ నీళ్లతో ఆకుకూరలు పండించే పొలాలు ఉన్నాయి. ఏ కట్ట ఎక్కడిదో సంతలో తెలియదు. కుళాయి నీళ్ల కింద రెండుమూడు సార్లు కడిగి, బాగా ఉడికించి పెట్టండి. బడిలో, అంగన్‌వాడీలో నులిపురుగుల మాత్ర ఇచ్చిన రోజున పిల్లలను పంపించండి. కడుపులో పురుగులుంటే మీరు పెట్టింది వాటికీ పోతుంది.

అంగన్‌వాడీ మనదే

ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం నాచారంలోని తెలంగాణ ఫుడ్స్ కర్మాగారంలో తయారవుతుంది. గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర కలిపిన పొడి అది. నెలకు రెండున్నర కిలోలు, అంటే రోజుకు ఎనభై గ్రాములకు పైగా, ఆ ఒక్క బిడ్డకే. ఇంట్లో నలుగురూ పంచుకుంటే బిడ్డకు మిగిలేది రెండు చెంచాలు. పెద్దపిల్లలకు పల్లీలు, బెల్లం పెట్టి, పొడిని చిన్నదానికే ఉంచండి.

అంగన్‌వాడీలో బరువు తూచి కార్డు మీద గీత గీస్తారు. ఆ గీత పైకి పోతోందా అన్నదే చూడండి. రెండుమూడు నెలలు అక్కడే ఆగిపోయినా, కిందికి దిగినా, పక్కింటి పిల్లాడితో పోల్చుకుని బాధపడటం మాని డాక్టరుకు చూపించండి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల దండచేయి చుట్టుకొలత పదకొండున్నర సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటే అది తీవ్ర పోషకాహార లోపం. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. టీకాలు కూడా తప్పించకండి. ఎంత మంచి తిండి అయినా టీకా చేసే పని చేయదు.

జబ్బులోనూ, జబ్బు తర్వాతా

'లంఖణం పరమౌషధం' అని మన పెద్దలు జ్వరమొస్తే అన్నం మాన్పించేవారు. నాయనమ్మ ఇంకా అదే అంటుంటే ఆమెతో గొడవ పడనక్కర్లేదు. "అన్నం పెట్టను అత్తమ్మా, జావ తాగిస్తా" అంటే ఆమెకూ సమ్మతమే. ఆ జావలోనే పెసరపప్పు ఉడికించి మెదిపి, చెంచాడు నెయ్యి వేయండి. ఒక్కసారి గిన్నెడు కాకుండా రెండు గంటలకోసారి నాలుగు చెంచాలు. తల్లిపాలు తాగే బిడ్డకు విరేచనాలైనా పాలు ఆపకూడదు. ఓఆర్‌ఎస్ ఇస్తూ, డాక్టరు చెప్పిన జింక్ మాత్ర పద్నాలుగు రోజులూ పూర్తి చేయాలి. బిడ్డ ఏమీ తాగలేకపోయినా, మత్తుగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఎగశ్వాస తీస్తున్నా వంటింటి వైద్యం ఆపి ఆసుపత్రికి పరుగెత్తండి. పెద్దపిల్లల అంటుజ్వరాలకు నల్లకుంటలో ఫీవర్ ఆసుపత్రి, చిన్నారులకు రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఉన్నాయి.

చాలామంది మరిచిపోయేది జబ్బు తగ్గిన తర్వాతి రోజులను. జ్వరం తగ్గగానే "హమ్మయ్య" అనుకుని బడికి పంపేస్తాం. పోయిన కండ, తరిగిన నిల్వ అప్పటికి తిరిగి రాలేదు. కనీసం రెండు వారాలు రోజూ మామూలుగా పెట్టేదానికి పైన ఒక పూట అదనంగా పెట్టండి. కోలుకునేటప్పుడు పిల్లలకు ఆకలి బాగా వేస్తుంది. "ఇప్పుడే కదరా తిన్నావ్" అని కసరకండి.

నాన్నలకు కూడా ఒక మాట. అదే 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి పైగా మందికి రక్తహీనత ఉంది. అందరికీ వడ్డించి, అడుగున మిగిలిన కూరతో అమ్మ సరిపెట్టుకునే ఇళ్లలో కడుపులో బిడ్డకు నిల్వ మొదటి నుంచే తక్కువ పడుతుంది. గర్భిణులకూ బాలింతలకూ అంగన్‌వాడీలో గుడ్డు, పాలతో భోజనం పెడతారు, భార్యను మొహమాటపడకుండా పంపించండి. ఇంట్లో మాత్రం కూర గిన్నె ఖాళీ కాకముందే ఆమె కంచం మీ పక్కన పెట్టించండి. ఇందుకు అదనంగా ఒక్క రూపాయి ఖర్చు కాదు, ఈ రాత్రి నుంచే మొదలుపెట్టొచ్చు.