‘ఎంబాస్’ – ఒక మాట, కొన్ని అర్థాలు

ఇంగ్లీషు మాటకు ఒక్క అర్థం బట్టీ పట్టి పరీక్ష దాటేయడం మన హాస్టళ్ళలో అందరికీ అలవాటే. కానీ మాట పుట్టుక తెలిస్తే బట్టీతో పనిలేదు. ఇందుకు ‘ఎంబాస్’ అనే మాటను ఉదాహరణగా తీసుకుందాం.

1. నేటి అర్థం: కాగితం, రేకు, తోలు వంటి వాటి మీద బొమ్మ గాని, అక్షరం గాని పైకి ఉబ్బి ఉండేలా చేయడం. కళ్ళు మూసుకుని తడిమినా వేలికి తెలుస్తుంది. అంధులు చదివే బ్రెయిలీ చుక్కలు ఇలాంటివే. ‘ఎన్‌గ్రేవ్’ దీనికి వ్యతిరేకం. అందులో గీత లోపలికి దిగుతుంది.

2. పుట్టుక: పాత ఫ్రెంచి భాషలో వాపు, బొడిపె అనే అర్థమున్న మాట నుంచి ఇది వచ్చింది. మన ఉద్దానం పనసకాయ మీద చెయ్యి వేస్తే తగిలేవి బొడిపెలే కదా! డాలు మధ్యలో ఉబ్బుగా ఉండే గుబ్బను ఇంగ్లీషులో ‘బాస్’ అంటారు. యజమాని అనే అర్థమున్న ‘బాస్’ వేరు; అది డచ్చి భాష నుంచి వచ్చింది. రెండింటినీ కలపకూడదు.

3. పాత వాడుకలు: షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’ నాటకంలో ఒంటి మీద ఉబ్బిన పుండుకు ఈ మాట వాడాడు. ‘టేమింగ్ ఆఫ్ ది ష్రూ’లో మాత్రం వేటలో పరుగెత్తి అలసిపోయిన కుక్కకు వాడాడు. తరుముతుంటే అలసి నోట నురగ కక్కే జంతువును అప్పట్లో అలా అనేవారు. ఈ అర్థానికి మూలం ‘అడవి’ అనే మాట కావచ్చని పండితులు అంటారు.

4. మన ప్రాంతంలో: కళింగాన్ని ఏలిన తూర్పు గాంగుల రాగి శాసనాలు మన టెక్కలిలోనూ దొరికాయి. ఈ రాజుల శాసనాల్లో రేకుల మీద అక్షరాలు లోపలికి చెక్కి ఉంటాయి. రేకులను కలిపే కడియానికి ఉన్న ముద్ర మీద నంది బొమ్మ పైకి ఉబ్బి ఉంటుంది. అంటే ఎన్‌గ్రేవ్, ఎంబాస్ రెండూ ఒకేచోట కనిపిస్తాయన్నమాట. అది రాజముద్ర, అది ఉంటేనే ఆ రాతకు విలువ.

ఆ శాసనాల్లో భూములు పొందినవి ఎక్కువగా బ్రాహ్మణ కుటుంబాలు, దేవాలయాలు. ఆ భూముల్లో చెమటోడ్చిన వారి పేరున ముద్ర పడ్డ రాత లేదు. నేడు మన పేరున పట్టా వస్తోంది. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన మాలాంటి వాళ్ళం ఆ కాగితాన్ని అమ్మానాన్నల చేతికిస్తే, చదవడం రాకపోయినా ముద్రను వేలితో తడిమి చూస్తారు. ‘ఎంబాస్’ అర్థం వాళ్ళకు మనకంటే ముందే తెలుస్తుంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! రోజుకొక్క మాట చొప్పున దాని పుట్టుకతో సహా నోటుబుక్కులో రాసుకోండి. ఇంగ్లీషు భయం తప్పకుండా పోతుంది.