రైతు కుటుంబపు రాబడియు, రోగపు ఖర్చును

విత్తనములకింత, ఎరువులకింత, కూలికింత, వడ్డికింత అని రైతు తన సాగులెక్క వ్రాసికొనును. కాని ఇంటిలో నొకరు జబ్బుపడినచో నెంత యగునో ఆ పద్దు మాత్రము ఆ లెక్కలో సాధారణముగా కానరాదు. ఈ పాఠమున మన దేశమందలి కుటుంబముల రాబడి, పేదరికము, ఆరోగ్య బీమా, ఈ మూడింటినిగూర్చి సర్వేలు తెలిపిన అంకెలను ఒకచోట చేర్చి, అవి మన ఇంటి లెక్కకును, మన సంఘపు లెక్కకును ఎట్లు సంబంధించునో విచారింతుము.

రాబడి

జాతీయ నమూనా సర్వేవారు 2012-13 లోను, మరల 2018-19 లోను సేద్యపు కుటుంబముల స్థితిని విచారించిరి. కుటుంబపు సగటు నెలరాబడి మొదటిసారి రు. 6,426 లు, రెండవసారి రు. 10,218 లు. చూచుటకిది మంచి పెరుగుదలయే. అయితే ఈ సొమ్ము ఎచ్చటనుండి వచ్చినదో విడదీసి చూడవలెను. పంటల వలన వచ్చినది రు. 3,081 లనుండి రు. 3,798 లకు మాత్రమే పెరిగినది. కూలి, జీతముల వలన వచ్చినది రు. 2,071 లనుండి రు. 4,063 లకు, అనగా ఇంచుమించు రెట్టింపునకు, చేరినది. పశుపోషణ రాబడి రు. 763 లనుండి రు. 1,582 లైనది.

తొలి విచారణనాడు రాబడిలో దాదాపు సగము పంటలనుండి రాగా, మలి విచారణనాటికి నూటికి 37 వంతులు మాత్రమే అట్లు వచ్చినవి. ఆ కాలమున ధరలు పెరిగినంతగా పంటరాబడి పెరుగలేదు. కావున నేడు రైతు ఇల్లు గడచుట పొలము వలన మాత్రమే కాదు, ఇంటివారి రెక్కల కష్టము వలన గూడ నని తెలిసికొనవలెను. ఈ సంగతి ముందు చెప్పబోవు విషయమునకు ముఖ్యము.

సగటును జూచి మోసపోరాదు. అదే 2018-19 లో పంజాబు రైతుకుటుంబపు నెలరాబడి రు. 26,701 లు, జార్ఖండులో రు. 4,895 లు. ఆంధ్రప్రదేశమున రు. 10,480 లు, తెలంగాణమున రు. 9,403 లు. అప్పు సంగతి చూడగా దేశమున నూటికి 50 సేద్యపు కుటుంబములు ఋణగ్రస్తములై యుండగా, ఆంధ్రప్రదేశమున 93, తెలంగాణమున 92 కుటుంబములు అప్పులో నుండెను.

పేదరికము

ప్రణాళికా సంఘము ఆమోదించిన టెండూల్కరు పద్ధతి ప్రకారము 2004-05 లో దేశమున నూటికి 37 గురు పేదలు. 2011-12 నాటికి 22 గురు. అదే 2011-12 సంవత్సరమునకు రంగరాజన్ సంఘము వేరొక పద్ధతిని లెక్కించి నూటికి 30 మంది వరకు పేదలని తేల్చినది. ప్రజలు వారే, సంవత్సరము నదియే. గీత గీసిన చోటు మారగా లెక్క మారినది. రాబడిని గాక చదువు, పోషణ, ఇల్లు, నీరు మొదలగు వానిని బట్టి నీతి ఆయోగువారు వేసిన లెక్కలో 2015-16 లో నూటికి 25 గురుగా నున్న పేదలు 2019-21 నాటికి 15 గురైరి. ఏ కొలతతో చూచినను పేదరికము తగ్గినమాట నిజము. కాని గీతకు కొంచెము పైనున్న కుటుంబము ఒక్క కష్టము రాగానే మరల గీత క్రిందికి జారవచ్చును. అట్టి కష్టములలో రోగము ముఖ్యమైనది.

రోగపు ఖర్చు

2017-18 లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారము, గ్రామస్థుడొకడు ఒకసారి ఆసుపత్రిలో చేరినచో, కాన్పులు గాక, సగటున రు. 16,676 లు ఖర్చయ్యెను. ప్రభుత్వ ఆసుపత్రిలోనైన రు. 4,290 లు, ప్రైవేటు ఆసుపత్రిలోనైన రు. 27,347 లు. పైన జెప్పిన నెలసరి పంటరాబడితో దీనిని సరిపోల్చి చూడుడు. ప్రైవేటు ఆసుపత్రిలో ఒక్కసారి చేరుట ఏడు నెలల పంటరాబడికి మించిన ఖర్చు.

అంతియే కాదు. మంచమెక్కినవాడు కూలి చేయువాడైనచో ఆ కూలియు ఆగిపోవును. అతనికి తోడుండు భార్యయో కుమారుడో చేయు పనియు ఆగును. ఖర్చు పెరుగుటయు, రాబడి తగ్గుటయు ఒక్కసారిగా జరుగును. అప్పుడు పాడిగేదెను అమ్ముదురు, నగలు తాకట్టు పెట్టుదురు, లేదా సాగుకని సంఘమునుండి తెచ్చిన అప్పును ఆసుపత్రిలో కట్టుదురు. ఎరువు వేయవలసిన అదనునకు చేతిలో పైకము లేక పంట దిగుబడి తగ్గును. వాయిదా తప్పును. కావున ఒక సభ్యుని రోగము అతని ఇంటి సంగతి మాత్రమే కాదు, సంఘపు సంగతి గూడ.

ఆరోగ్య బీమా

పదిమంది కొంచెము కొంచెము వేసికొని, ఆపదలో నున్న ఒకనిని ఆదుకొనుటయే బీమా. ఇది సహకార సూత్రమునకు భిన్నమైనది కాదు. కర్ణాటకమున 2003 లో సహకార సంఘముల రైతులకొరకు యశస్విని అను పథకము మొదలైనది. తొలుత ఏటికి మనిషికి రు. 60 లు, అనగా నెలకు రు. 5 లు చందాగా తీసికొని శస్త్రచికిత్సల ఖర్చు భరించిరి. 2018 లో ఆగిన ఆ పథకమును 2022 లో మరల ప్రారంభించిరి.

మన ప్రాంతమున 2007 లో ఆరోగ్యశ్రీ మొదలైనది. ప్రభుత్వములతోబాటు పేరు మారుచు వచ్చినను ఆంధ్రప్రదేశమున నా సేవ సాగుచున్నది. తెలంగాణమున 2023 డిసెంబరులో కుటుంబమునకు ఏటి పరిమితిని 10 లక్షలకు పెంచిరి. దేశమంతటికిని 2018 లో ఆయుష్మాన్ భారత్ పథకము వచ్చినది. అర్హమగు కుటుంబమునకు ఏటికి 5 లక్షల వరకు ఆసుపత్రి ఖర్చు దానివలన లభించును. 2024 నుండి 70 ఏండ్లు నిండిన వారినందరిని, రాబడితో నిమిత్తము లేకుండ, అందు చేర్చిరి.

ఒక్కరికైనను ఏదో ఒక ఆరోగ్య బీమా గల కుటుంబములు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 2005-06 లో నూటికి 5. 2015-16 లో 29. 2019-21 లో 41. దేశపు వైద్యవ్యయములో ప్రజలు తమ చేతినుండి పెట్టుకొను భాగము 2013-14 లో నూటికి 64 వంతులుండగా 2021-22 నాటికి 39 వంతులకు తగ్గినది. ఇది మేలే. కాని ఈ పథకములు ముఖ్యముగా ఆసుపత్రిలో చేరినవారికి ఉద్దేశింపబడినవి. మధుమేహము, రక్తపుపోటు వంటి వానికి నెలనెలా దుకాణమున కొను మందుల ఖర్చు పెక్కు కుటుంబములకు తమపైననే యుండును. ఈ చిల్లర ఖర్చే ఏడాదికి పెద్ద మొత్తమగును.

మనము చేయవలసినది

మొదటిది: సాగులెక్కలో వైద్యమునకొక పద్దు తెరచి, ప్రతి నెల మందుల ఖర్చు వ్రాయవలెను. రెండవది: జబ్బు రాకమునుపే కార్డు సంపాదించి, అందు ఇంటివారందరి పేర్లును, ముఖ్యముగా కొత్తకోడలి పేరు, పసిబిడ్డల పేర్లు, సరిగా నున్నవో లేదో చూచుకొనవలెను. మూడవది: ఆసుపత్రిలో చేరుటకు ముందే అది పథకమున చేరినదో లేదో, ఆ జబ్బునకు అచ్చట చికిత్స వర్తించునో లేదో ఆరోగ్యమిత్రను అడిగి తెలిసికొనవలెను. నాలుగవది: నెలనెలా వాడు మందులను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున తీసికొనుట అలవాటు చేసికొనవలెను.

సంఘముల కార్యదర్శులకు ఒక మనవి. రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యుల పట్టిక చదువునపుడు, ఏ ఇంటికి కార్డు లేదో అదియు వ్రాసికొనుడు. బాకీదారుల పట్టికలో ఎందరు రోగము వలన వాయిదా తప్పిరో విచారించి చూడుడు. ఆ రెండు పట్టికలను ప్రక్కప్రక్కన బెట్టి చూచినచో, తరువాత సంఘము చేయవలసిన పని యేదో సభ్యులే నిర్ణయింపగలరు.