ఉపవాసము – ఆకలి

పాఠ్యభాగములు: యెషయా 58:1-12, మత్తయి 6:1-18



చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలోని మన సంఘములకు ఉపవాస ప్రార్థన క్రొత్తది కాదు. అయినను మేము చేసిన ఒక పొరపాటును ఒప్పుకొని ఈ పాఠము ప్రారంభించుచున్నాము. ఒక శుక్రవారపు కూడికకు ఉదయమునుండి ఏమియు తినక వచ్చిన ఒక సహోదరిని అందరియెదుట మెచ్చుకొంటిమి. కూడిక ముగిసిన తరువాత ఆమె మెల్లగా, "అయ్యగారూ, నాది ఉపవాసం కాదండి. వారం దినాలుగా కూలి దొరకలేదు. ఇంట్లో రాగిపిండి అయిపోయింది" అన్నది. మేము సిగ్గుపడితిమి.

1. ఉపవాసము ఇష్టపూర్వకమైనది. భోజనము ఉండి, దేవుని సన్నిధికొరకు దానిని ప్రక్కన పెట్టుట ఉపవాసము. లేక పస్తుండుట ఆకలి. మత్తయి 6లో ప్రభువు మొదట ధర్మము, తరువాత ప్రార్థన, ఆ తరువాత ఉపవాసము గూర్చి బోధించెను. మూడింటిని మనుష్యులకు కనబడుటకై చేయవద్దనెను. శిష్యులు ఉపవాసముందురని ఎంచి మాటలాడెను గాని, దినములు నియమింపలేదు. కనుక నలువది దినములు ఉండినవారు ఉండనివారిని తీర్పు తీర్చరాదు.

2. దేవుడు కోరు ఉపవాసము. మా ఉపవాసమును నీవేల చూడవని యెషయా కాలపు ప్రజలు దేవుని అడిగిరి. ఉపవాసదినమున సహా మీరు పనివారిని బాధించుచున్నారని ఆయన జవాబు. మల్బరీ తోట, టమాటా చేను గల మనవారు దీనిని ఆలోచింపవలెను. కూలివాని డబ్బు ఆపి మోకరించిన మోకాళ్లు ఎవరికొరకు?

3. మన పితరుల మాదిరి. 1876-78 కరువు మైసూరు సంస్థానమును, మద్రాసు రాజధానిని పీడించెను. ఒంగోలు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము కాంట్రాక్టు తీసుకొని, ఆకలిగొన్నవారికి పని, కూలి ఇచ్చిరి. అన్నముకొరకు ఎవరును బాప్తిస్మము అడుగకుండునట్లు, ఆ కాలములో బాప్తిస్మములు నిలిపివేసిరి. ఆ తరువాతనే 1878 జులై 3న వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆకలిని ఆయన భక్తికి సాధనముగా వాడుకొనలేదు. ఆకలిని ఆకలిగానే చూచెను.

ఆచరించు విధము

మొదట ఒక పూటతో ప్రారంభించుడి. నీళ్లు త్రాగుడి. ఆ పూట వంటకు పట్టు బియ్యము లేక రాగులు కొలిచి వేరుగా ఉంచి, ఆ సాయంత్రమే అవసరమున్న ఇంటికి చప్పుడు చేయక చేర్చుడి. పిడికెడు బియ్యము తీసి పెట్టుట మన తల్లులకు తెలిసినదే. భోజనమునకు పట్టు సమయమును వాక్యధ్యానములో గడుపుడి. చక్కెర వ్యాధికి మందు తీసుకొనువారు, గర్భిణులు, పాలిచ్చు తల్లులు, ఎండలో కష్టము చేయువారు భోజనము మానవద్దు. ప్రార్థనలో ఏకీభవించిన చాలును.

చర్చించుడి

1. మన సంఘములో ఈ వారము పస్తున్న ఇల్లు ఏది? మనకు తెలియునా?
2. మనము ఎవరికైనను కూలి బాకీ యున్నామా?
3. మన ఉపవాసమువలన ఎవరి కడుపు నిండినది?

ఆ సహోదరి ఇంటికి మరునాడు ధాన్యము చేరినది. కాని ఆమెను మెచ్చుకొనుటకు ముందే, "అమ్మా, తిన్నావా?" అని అడుగవలసినది. రాబోవు ఉపవాస కూడికలో మనము మొదట అడుగవలసిన మాట అదియే. ప్రభువు మనకు అట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.